ఉస్తాద్ పేజీ వాపస్ కావాలె

నీ పేజీని బెట్టింగ్ యాప్‌కు అమ్మేసిన్రు, ఉస్తాద్. మనం వాయిస్‌లు పెట్టుకునే యాప్‌ను కొన్న కొత్త ఓనరు, లాగిన్ కాని పేజీలన్నీ గిట్లనే అమ్ముతున్నడంట. నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వెట్ల లాగిన్ అయితవ్?

దిల్‌సుఖ్‌నగర్‌ల బండి ఆగినా, ఎల్‌బీ నగర్‌ల ఆగినా, ఇంజిన్ సౌండ్ రికార్డు చేసి నీ పేజీల పెట్టేటోళ్లం. నువ్వు విని, రోగమేందో వాయిస్‌ల చెప్పేటోనివి. "రేస్ తగ్గియ్యి తల్లీ, బండి ఏడుస్తున్నది" అని నన్ను తిట్టింది గూడ అండ్లనే ఉండె. అవన్నీ వినే నేను మెకానిక్ పని నేర్చుకున్న. ఇప్పుడు నీ ఫొటో కింద జూదం యాడ్లు నడుస్తున్నయ్.

నేను ఊకోను. మన మెకానిక్ షెడ్డుల అందరి పేర్లు పెట్టి ఆ ఓనరుకు రాసిన: "మా ఉస్తాద్ ఫొటో తియ్యుండ్రి. ఆయన వాయిస్‌లు ఒక్కటి పోకుంట వాపస్ ఇయ్యుండ్రి. శుక్రవారం సాయంత్రం లోపల జవాబు రావాలె."