చెయ్యెత్తే ముందు

పుంగనూరు దగ్గర మన పల్లె,
6-6-2003, శుక్రవారం

చెల్లెమ్మా మునీశ్వరీ,

నీ మొగుణ్ణి చంపిన కేసు మదనపల్లె కోర్టులో ఏ రోజు విచారణకొచ్చిందో నీకు ఎవరైనా చెప్పారా? ముద్దాయికి తేదీ చెప్పారు, వకీలునిచ్చారు. వెంకటేష్ పెండ్లానివైన నీకు కుప్పం దాకా ఒక కార్డుముక్క రాలేదు. ముద్దాయికి రాజ్యాంగంలో హక్కులున్నాయి, ఉండాలి కూడా. పోగొట్టుకున్నదానికి కూర్చోను ఒక బెంచీ అయినా రాయలేదేమి? నిండుసభలో ఆ తల్లి 'నన్నడిగారా' అంటే పెద్దలంతా నేల చూశారని ఏటా పద్దెనిమిది రోజులు భారతం కథ చెబుతూ గొంతు చించుకుంటాను. విన్నవాళ్లు హారతి కళ్లకద్దుకుని ఇళ్లకు పోతారు.

అందుకే వచ్చే సోమవారం మూడు గంటలకు జరిగే గ్రామసభలో తీర్మానం పెట్టిస్తున్నాను. బాధితులకు కేసు తేదీ తెలపాలి, తీర్పుకు ముందు వాళ్ల మాట వినాలి, ఆ హక్కు రాజ్యాంగంలో రాయాలి అని ఢిల్లీకి పంపడానికి. సర్పంచి నవ్వినాడు. "ఏమప్పా గురప్పా, నీ కథకు ఢిల్లీలో మైకు పెడతారా?" అన్నాడు. చేతులెత్తే ఓటు. అటూ ఇటూ సరిసమానంగా ఉంది. ఓటరు లిస్టులో నీ పేరు ఇంకా ఈడనే ఉంది. నువ్వు రావాలి.

రమ్మనే నోరు నాకు లేదమ్మా. బోరు నీళ్ల గొడవలో పక్క చేను గోపాలస్వామి నీ మొగుడి మీద గడ్డపార ఎత్తడం నేను చూశాను. కోర్టులో 'చూడలేదు' అన్నాను. సాక్ష్యం లేదని అతన్ని వదిలేశారు. రెండు వర్గాలు కలవందే ధర్మరాజుల గుడిలో తిరునాళ్ల జెండా ఎక్కదని, కథ నిలిచిపోతుందని పెద్దలు నన్ను పట్టుకున్నారు. కథ నడవాలని, కథలో చెప్పే ధర్మాన్నే కాలదన్నాను. నీకు తేదీ తెలియనివ్వనిది కూడా నేనే.

నీ అన్న,
గురప్ప

*

కుప్పం,
సోమవారం పొద్దున

అన్నా,

ఇది మన ఊరి కూరగాయల రామక్క చేత తొలి బస్సులో పంపుతాండాను. ఆ తేదీ నాకు చెప్పింది కూడా రామక్కే. ఆ పొద్దు నేను కోర్టు వరండాలోనే ఉండాను. "సాక్షివా? కాదా? అయితే లోపలికి యాల?" అని బంట్రోతు నిలిపేసినాడు. మైకు లేకుండా మూడు వీధులకు వినిపించే గొంతు నీది. 'సూడలేదు' అన్నది గోడ ఇవతలికి వినిపించకుండా పోతుందా? నీ అంతట నువ్వే చెబుతావని రెండేండ్లు కాచుకున్నాను.

నీ తీర్మానానికి ఇప్పుడే చెయ్యెత్తను. నా మాట వినాలని ఢిల్లీకి రాసే ముందు నీ మాట ఊరు వినాల. పది గంటల బస్సెక్కుతాండాను. సభలో ముందు వరుసలో కూర్చుంటాను. నువ్వు లేచి నిలబడు. గోపాలస్వామి ఎదురుగానే, కథ చెప్పే ఆ గొంతుతోనే, ఏం సూసినావో చెప్పు. జెండా ఎక్కకపోతే పోనీ. ఈ పొద్దే చెప్పు.

నీ చెల్లెలు,
మునీశ్వరి