ఏసమ్మ కొలత

1955 మే 9, సోమవారం

మధ్యాహ్నం బస్సులో ఎమ్మిగనూరు నుంచి అల్లుడు ఇస్సాకు వచ్చాడు. సెలవులకు దింపడానికి మనవరాలు ఏసమ్మను బస్టాండు నుంచి ఎత్తుకునే వచ్చాడు. పదేళ్ళ పిల్ల. కాళ్ళు అతని మోకాళ్ళకు తగులుతున్నాయి.

చంకకర్రలు చిన్నవైపోయాయి. రెండేళ్ళ కిందట మా ఆయన చేసిన జత అది. వాటి మీద నడిస్తే పిల్ల ముసలిదానిలా వంగుతోంది.

ఐదో తరగతి ప్యాసయింది. లెక్కల్లో ఫస్టు. ఇక హైస్కూలు. అది వాళ్ళ ఊరికి ఆ కొసన ఉంది. చేర్పించడం కుదరదని ఇస్సాకు అన్నాడు. "మగ్గం ఇడిసి దినామూ ఎత్తుకోని పోవల్లంటే యాడైతాది అత్తా? దావలో పడితే లేపేదెవురు? ఇంట్లో కూసోని కండెలు సుట్టుకుంటే సుఖంగా ఉంటాది" అన్నాడు. మొరటుగా అనలేదు. భయపడుతూ అన్నాడు. మా సంతోషమ్మ కూడా అదే అంటోందట. నా కడుపున పుట్టి!

తనంతట తాను నడిచిపోతే చేర్పిస్తావా అని అడిగాను. తల వంచుకుని, అట్లయితే నాకేమడ్డం అత్తా అన్నాడు. ఆ మాటను తారీఖుతో సహా ఇక్కడ రాసిపెడుతున్నాను. జూన్ పదమూడున బడి తెరుస్తారు.

మే 10

ఆయనతో కర్రల మాట ఎత్తాను. బడిపిల్లలకు ముప్పై ఏళ్ళు వడ్రంగం నేర్పిన మనిషి. పోయినేడు పక్షవాతం తగిలినప్పటి నుంచి కుడిచేయి వణుకుతోంది. ఉలి ముట్టలేదు. బజారులో చేయిద్దామన్నారు. ఇదివరకు ఒకసారి బజారులో చేయించాం. ఒక కర్ర పొడుగు, ఒక కర్ర పొట్టి. పిల్ల బోర్లా పడి పెదవి చీలింది. మళ్ళీ ఆ మాట వద్దన్నాను.

ఆయన ట్రంకులోనే ఒక ఇంగ్లీషు పాంఫ్లెట్ ఉంది. ఇంట్లో చేసుకునే బల్లలు, అలమరలు, వాటి ప్లాన్లు. అందులో జిగ్ గురించి నాలుగు పేజీలు. కర్రను కదలకుండా పట్టుకునే చట్రం, రంపం పక్కకు జరగకుండా కాపాడే చీలిక. చేయి ఎలా ఉన్నా కోత తిన్నగా పడుతుంది. చదివి వినిపించాను.

ఆయనకు కోపం వచ్చింది. "కంటితో కోసినోణ్ణి టీచరమ్మా నేను. నీ జిగ్గూ గిగ్గూ చేతగానోని చంకకర్ర" అన్నారు.

గడపలో ఏసమ్మ కూర్చుని ఉంది. మేము చూసుకోలేదు. నావి కూడా చేతగాక పెట్టుకునేటివేనా తాతా అని అడిగింది. ఏడవలేదు. క్లాసులో సందేహం అడిగినట్టు అడిగింది.

మే 11

ఆయన అన్నం సగం వదిలేశారు. 

మే 12

పొద్దున్నే ఆయన ఆ పాంఫ్లెట్ ఎక్కడ అన్నారు. దిండు కిందే ఉంది. అక్కడ పెట్టింది ఆయనే.

ఏసమ్మను తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టాను. నిటారుగా నిలబడు, వంగొద్దు, తల పైకి అన్నాను. చంక కింది నుంచి నేల దాకా ముప్పై ఆరున్నర అంగుళాలు. రెండుసార్లు చూశాను. నాలుగు పాత క్యాలెండరు కాగితాలు అతికించి వాటి వెనక ఫుల్ సైజు ప్లాన్ గీశాను. ఆయన చెబుతూ ఉంటే నేను గీయడం. గీత మందం ఎక్కువైందని రెండుసార్లు చెరిపించారు. పెళ్ళయిన కొత్తలో ఈ మనిషి చేతిరాతను నేనే దిద్దాను.

మే 14, శనివారం

పీరా సాబ్ కట్టెల డిపోకు ఇద్దరం వెళ్ళాం. చూడగానే పీరా సాబ్ "ఏమి ఇశ్రాయేలు మాస్టరూ, కొత్త మంచమా? ఈ వయసులో పెండ్లికొడుకు మాదిరి తయారైతాండావే!" అని గట్టిగా అన్నాడు. కూలీలంతా నవ్వారు. నేను గొడుగు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఈయన మాత్రం సంతోషంగా నవ్వారు. ఏడాది తరువాత.

సంగతి తెలిశాక పీరా సాబ్ ఇక హాస్యం ఆడలేదు. ముడి లేని టేకు బద్దలు ఏరి ఇచ్చాడు. కర్రల అడుగుకు వేసుకోమని లారీ టైరు ముక్క కూడా. డబ్బు తీసుకోలేదు. ఖర్చు పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంది. నాకది నచ్చలేదు.

మే 19

జిగ్ తయారైంది. పొడవాటి పలక. రెండు కర్రలూ పక్కపక్కన పడుకునేలా అంచులకు బద్దలు. ఒక కొసన అడ్డుచెక్క. అది రంధ్రంలో దించిన చీల మీద నిలుస్తుంది. చీల మార్చితే కొలత మారుతుంది. ఇంకో కొసన రంపం దూరే చీలిక. ఆ చీలికను తిన్నగా కోసేదెవరు? ఎవరూ కోయనక్కర్లేదన్నారు ఆయన. రంపాన్నే నిలబెట్టి, అటూ ఇటూ చెక్కలు ఆనించి, మేకులు కొట్టాం. అంటే నేను కొట్టాను. ఎడమ బొటనవేలు నల్లబడింది.

సాయంత్రం ఒక వ్యర్థపు బద్ద మీద కోసి చూశారు. చేయి వణుకుతూనే ఉంది. కోత వణకలేదు. ఆ తెగిన ముక్కను అరచేతిలో పెట్టుకుని ఆయన చాలాసేపు కూర్చున్నారు. నాకు వంటింట్లో పని లేకపోయినా వంటింట్లోకి వెళ్ళాను.

మే 27

కర్రలు పూర్తి. గచ్చు మీద రెండూ పక్కపక్కన నిలబెట్టి పైన స్కేలు పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు. ప్లాన్ మీద పరిచాను. గీత మీద గీత.

ఏసమ్మ వాకిట్లో మూడుసార్లు తిరిగింది. బాగున్నాయి అవ్వా అంది. భుజాలు చెవుల దగ్గరికి ఎక్కాయి. కొత్త కదా, అలవాటవుతుందనుకున్నాను. నిటారుగా నడవమన్నాను.

మే 29, ఆదివారం

చర్చికి నడిచే వచ్చింది. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు రెండుసార్లు ఆగింది. నొప్పా అంటే లేదంది.

సాయంత్రం నీళ్ళు పోస్తూ చూశాను. రెండు చంకలూ తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. నీళ్ళు తగిలితే పళ్ళు బిగపట్టింది. అరవలేదు.

ప్లాన్ చూశాను. జిగ్ చూశాను. కర్రలు చూశాను. మూడూ ఒకే మాట చెబుతున్నాయి. చివరకు పిల్లనే అడిగాను.  "నిటారుగా నిలబడుకోమంటివి కదవ్వా. ఇంగా పొడుగైతే నీకు బాగుంటాదేమోనని మునివేళ్ళ మీద నిలబడుకున్న్యా" అంది.

చట్రం పట్టుకుని, ఆ ఒక్క మంచి కాలి వేళ్ళ మీద, నేను రెండుసార్లు కొలిచేంతసేపు.

వెన్న రాశాను. ఇంకేమి రాయను.

మే 30

మళ్ళీ కొలవాలి. నిలబెడితే సాగుతుంది. సాగవద్దంటే కూలబడుతుంది. నా ఎదుట ఆ పిల్లకు మామూలుగా నిలబడడం రాదు.

మధ్యాహ్నం చాప మీద నిద్రపోతుంటే దారం తెచ్చాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. వణికే చేత్తోనే, కానీ గట్టిగా. వడ్రంగి పండుకున్నోళ్ళకు కొలత తీసేది పెట్టెకు మాత్రమే టీచరమ్మా అన్నారు. మన వాళ్ళు పోయినప్పుడు ఎన్ని శవపెట్టెలు కొట్టారో ఆయన. మా ఏడాది బిడ్డ పోయినప్పుడు కూడా ఆయనే కొట్టారు.

నాన్సెన్స్ అని చెప్పాలనుకున్నాను. దారం చుట్టేశాను.

మే 31

ఈరోజు కొలత దొరికింది.

నేను గోడ పక్కన నిలబడ్డాను. రా, నా మీద ఆనుకో అన్నాను. ఏసమ్మ నమ్మలేదు. ఆనుకోకు, సొంతంగా నిలబడు అని దానికి మూడో ఏట జ్వరం వచ్చి కాలు సన్నబడినప్పటి నుంచీ చెబుతున్నది నేనే. రెండోసారి పిలిచాను. వచ్చి భుజం మాత్రం తాకించింది. బెరుకుగా, చల్లని గోడకు ఆనినట్టు.  మా పెళ్ళిలో తాత పంచె జారిన సంగతి చెప్పాను. ఆయన నేల మీద స్కేలు పట్టుకుని కూర్చుని, "అబద్ధం, జారలేదు, జారబోయింది" అన్నారు. పిల్ల నవ్వింది. నవ్వి నవ్వి బరువంతా నా మీద వేసింది. మడమ నేలకు ఆనింది. తల నా పక్కటెముకల దగ్గర ఉంది. తలకు పట్టించిన ఆముదం వాసన.

ముప్పై అయిదు అంగుళాలు అని ఆయన మెల్లగా అన్నారు. సరిగ్గా చూడండి అన్నాను. చూశాను అన్నారు. మళ్ళీ చూడండి అన్నాను.

జూన్ 3

చీల మార్చి, అడుగు నుంచి ఒకటిన్నర అంగుళం తీసేశారు. రెండు కర్రలూ ఒకే కోతకు. టైరు ముక్కలు మళ్ళీ బిగించాం. చంకలు మానాకే ఇస్తానన్నాను. ఏసమ్మ కర్రలను మంచం పక్కనే పెట్టుకుని పడుకుంటోంది.

జూన్ 8

డిపో దాకా నడిచి, పీరా సాబ్‌కు సలాం చెప్పి, తిరిగి వచ్చింది. ఎక్కడా ఆగలేదు. భుజాలు భుజాల చోటే ఉన్నాయి.

ఆయన జిగ్‌కు ఇంకా రంధ్రాలు వేస్తున్నారు. అరంగుళానికొకటి, పలక చివరిదాకా. ఎందుకన్ని అన్నాను. పిల్ల పెరగదా అన్నారు. ఆ చివరి రంధ్రం వాడే రోజుకు పిల్లకు పద్దెనిమిది ఉంటాయి. అప్పటికి ఆయన వయసెంతో లెక్క నాకు వెంటనే వచ్చింది. ఆయనకూ వచ్చే ఉంటుంది.

రంపం పట్టడం నేర్పమన్నాను. రేపటి నుంచి, పొద్దున ఆరింటికి. ఆలస్యమైతే బెంచీ ఎక్కిస్తానన్నారు.

జూన్ 11, శనివారం

ఇస్సాకు వచ్చి ఏసమ్మను తీసుకెళ్ళాడు. ఎత్తుకోబోయాడు. ఆమె కర్రలు అందుకుని ముందు నడిచింది.

జూన్ 19, ఆదివారం

ఇస్సాకు ఒక్కడే వచ్చాడు. పిల్ల వారమంతా బడికి పోయిందట, నడిచే. మొదటి రోజు తెలియకుండా వెనకాలే పోయాడట. రాత్రి వాన పడి దారి మెత్తగా ఉందట. మట్టిలో రెండు గుండ్రటి గుర్తులు, ఒక పాదం, మళ్ళీ రెండు గుండ్రటి గుర్తులు. వాటిని తొక్కకుండా పక్కన నడిచాడట.

అడుగుకూ అడుగుకూ ఎడం ఎంత అని అడిగాను.

ఇంత అత్తా అని చేతులు రెండూ చాపి చూపించాడు. చాలాసేపు దించలేదు.