పల్లవి దగ్గర ఆగిన పాట

సరళా,

మన అబ్బాయి కిరణ్ వాళ్ల బ్యాండు తొలి ఆల్బమ్ నిన్న నారాయణగూడలో ఒక హాల్లో విడుదలైంది. అంతా పాతకాలం క్యాసెట్టులా వినిపించాలని వాళ్ల పట్టుదల. నువ్వు పోయాక దొరికిన నీ క్యాసెట్టుతోనే మొదటి పాట మొదలుపెట్టారు. చిక్కడపల్లిలో కిరాయికున్నప్పుడు నువ్వే కట్టుకుని పాడుకున్న పాట.

పల్లవి అయ్యీ కాకముందే నా గొంతు వినిపించింది.

"ఏందే ఆ లొల్లి? జర ఆపు, వార్తలొస్తున్నయ్!"

నువ్వు ఆపేశావు. హాలంతా నవ్వుతూ చప్పట్లు కొట్టింది.

"ఆ అంకుల్ ఎవరో గానీ, కిరాక్!" అంది పక్కసీటు అమ్మాయి. నేనేనని చెప్పలేక తల దించుకున్నాను.

అప్పుడు కిరణ్ గిటార్ అందుకుని, నువ్వు ఆపిన చోటి నుంచి పాటంతా పాడాడు. ఆ చరణాలు నేనెప్పుడూ వినలేదు.

నేను ఆఫీసుకు వెళ్లాక వాడికి పాడి వినిపించేదానివన్నమాట.