అన్నమే తింటున్న సార్

బావా,

ఇందుమూలముగా పినపాక ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మా ఇంట్ల అన్నం గిన్నెకు రిటైర్మెంటు ఇచ్చినం. నాకూ షుగరొచ్చింది.

నువ్వూ అన్నం బందువెట్టి గుడ్లు, ఆకుకూరలతోనే ఉన్నవ్. తిడతడని డాక్టర్‌కు మాత్రం "అన్నమే తింటున్న సార్" అన్నవ్. ఆయన గోలీలు తగ్గియ్యలే. షుగర్ పడిపోయింది, నువ్వూ పడిపోయినవ్, మల్ల లేవలే.

ఇయ్యాలటికి ఏడాది. నువ్వు మానేసిన అన్నమే ముద్ద చేసి పెట్టినం. కాకులకు షుగర్ లేదుగా, తినిపోయినయ్.

మొన్న దవాఖానల నేను ధైర్యంగ నిజం చెప్పిన. డాక్టర్ తిట్టలే, గోలీలు సగం చేసిండు.

ఇందుల ఒకటి అబద్ధం బావా. చెప్పింది నేను గాదు. నా నోట్లెకెల్లి గూడ నీ మాటే వచ్చింది. ఎనకనుంచి నీ చెల్లె ఏడ్సుకుంట అన్నది: "అబద్ధం సార్. మా అన్న గూడ గిట్లనే చెప్పిండు."