ముక్క చితకకూడదన్నావు

అమ్మలూ, నువ్వు పోయి నేటికి ఏడాది. నీ కూతురు స్నేహ సూప్ అడిగితే అవనిగడ్డ నుంచి క్యారెట్, బీన్స్ తెప్పించి చేశాను. ఒక్క చెంచా తాగి గిన్నె పక్కకు నెట్టింది.

"అమ్మమ్మా, ఇది అమ్మకు చేసే సూపు. నాకు పళ్లున్నాయిగా!"

నువ్వు నమలలేని రోజుల్లో కుక్కర్లో మెత్తగా ఉడికించి మెదిపిన అలవాటు నా చేతికింకా పోలేదు. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కుక్కర్లో కాకుండా విడి గిన్నెలో క్యారెట్ వేసి, కాసేపయ్యాక బీన్స్ వేశాను. ఒంట్లో బాగున్నప్పుడు నువ్వు చూపించినట్టే ముక్కను చెంచాతో నొక్కాను. తెగింది గానీ చితకలేదు. వెంటనే దించేశాను.

స్నేహ రెండు గిన్నెలు తాగింది. "ఇదీ, అమ్మ చేసే సూపు" అంది.

నీకోసం కొన్న చిన్న కుక్కర్ కడిగి అటక మీద పెట్టాను. కోప్పడవుగా తల్లీ?

అమ్మ