మంచికాలి మీద ఒట్టు

తిరుపతి,
శుక్రవారం.

పూజ్యులైన అన్నకు, చెల్లెలు మునెమ్మ దండాలు పెట్టి రాసుకునేది.

నువ్వు, వదిన, అమ్మ, పిల్లలు అందరూ బాగున్నారని నమ్ముతాను. మేమూ క్షేమమని రాయడం పద్ధతి. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదన్నా. నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, అమ్మకు అదే చెప్పు. మీ బావ సంగతి రాస్తాను. కోపమొచ్చినా మధ్యలో మడిచిపెట్టకుండా చివరిదాకా చదువు.

బంగారుపాళ్యం వదిలి ఈ ఊరొచ్చినప్పుడు లారీలకు మూటలెత్తి బతకొచ్చు అనుకున్నాం. ఇప్పుడు ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు, నేను మెస్సులో పిండి రుబ్బుతున్నాను. ఎండలు చంపేస్తున్నాయి. ఆసుపత్రి రొట్టె చూస్తేనే ఆయనకు ఒళ్ళు మంట. పక్క మంచాల వాళ్ళకు రోజూ ఎవరో ఒకరు వస్తారు. మాకెవరున్నారు? గేటు తెరిచినప్పుడల్లా మనవాళ్ళేమో అని సిగ్గు లేకుండా తల తిప్పి చూస్తాను.

లారీ చక్రం కింద ఆయన కాలు నలగడం, చీముపట్టి చచ్చిన ఎముకను మొదటి ఆపరేషన్‌లో తీసెయ్యడం నీకు తెలిసినవే. ఇప్పుడు పుండు మానింది. కానీ మోకాలి కింద జానెడు మేర ఎముకే లేదు. కట్టు విప్పితే కాలు తోటకూర కాడలా వేలాడుతోంది.

పెద్ద డాక్టరు నాకు నిదానంగా చెప్పారు. మోకాలి కింద రెండు ఎముకలుంటాయట. లావుది బరువు మోస్తుంది, సన్నది దానికి తోడు. దెబ్బ తగిలిన కాలిలో రెండూ నుజ్జయ్యాయి. అందుకని మంచికాలిలోని సన్న ఎముకను రక్తనాళంతో సహా తీసి, ఈ ఖాళీలో పెట్టి, నాళాలు కలిపి కుడతారట. అది ఇక్కడ బతికితే మెల్లగా లావెక్కి బరువు మోస్తుందట. మంచికాలికి నడక పోదన్నారు. అతుక్కోకపోవచ్చు కూడా అని దాచకుండా చెప్పారు. ఆ పని తెలిసిన డాక్టరు మద్రాసు నుంచి సోమవారం వస్తున్నారు.

మీ బావది మాత్రం ఒకటే మాట. "మంచికాలికి కత్తి తగలనీను సార్. కాణిపాకంలో ప్రమాణం చేసినాను."

ఎవరు చేయించారన్నా ఆ ప్రమాణం? నువ్వు కాదా? ఆపరేషనై ఇంటికి రాగానే, మంచికాలి ఎముక కావాల్సి రావచ్చని డాక్టర్లు అన్న మాట విని, "ఉండే ఒక్క కాలునూ పాడు చేస్తారు బావా" అని జీపులో తీసుకుపోయి, తలకు నీళ్ళు పోయించి, వినాయకుడి ఎదుట నిలబెట్టావు. మా మంచి కోరే చేశావు, కాదనను.

నేను తిట్టాను, ఏడ్చాను. "ఒట్టు తీసి గట్టున పెట్టు" అన్నాను. ఆయన గోడవైపు తిరిగి, "కాణిపాకం ఒట్టుకు గట్టు యాడుండాది మే? ఆడ మాట తప్పినోడు బాగుపడినట్టు ఎవురన్నా సెప్పినారా? ఇంట్లో బిడ్డలుండారు" అన్నాడు.

ఈ పొద్దున డాక్టరు, "ఇలాగే వదిలేస్తే కాలు తీసెయ్యడం తప్ప దారి లేదు" అన్నారు. దానికి ఈయన ఏమన్నాడో తెలుసా? "అయితే ఆ చెడిన కాలే తీసేయండి సార్. దాని మీద ఒట్టు లేదు గదా." ఓరి దేవుడా! డాక్టరు ఆయన్ని వదిలి నా ముఖం చూశారు. నీకిచ్చిన మాట కోసం కాలే పోగొట్టుకుంటానంటున్నాడన్నా!

కాళ్ళు పట్టుకుని బతిమాలితే చివరికి ఒకటి ఒప్పుకున్నాడు. "మీ అన్న అడిగినాడు, నేను మాటిచ్చినాను. ఆయనే ఈడికొచ్చి నా మంచికాలి మీద చెయ్యేసి, 'ఒట్టు నేనే తీసేస్తాండా, పాపమొస్తే నాకు' అనల్ల. అప్పుడు కోయించుకుంటా." ఉత్తరం రాసి పంపితే ఒప్పుకోడట. నీ నోటితోనే వినాలట.

నీకూ పిల్లలున్నారు, నాకు తెలుసు. ఎంత పెద్ద మాట అడుగుతున్నానో కూడా తెలుసు. నాకూ భయమే. స్వామంటే భయం, కత్తంటే భయం, ఎముక అతుక్కోకపోతే ఎలాగనీ భయం. అయినా అడుగుతున్నాను, నువ్వు తప్ప అడిగేందుకు నాకెవరూ లేరు.

అమ్మకు, పెదనాయనకు నా దండాలు. పిల్లలకు దీవెనలు. వదినను ఒక పాత నూలుచీర, కాస్త రాగిపిండి మూట కట్టమను. ఈ ఉత్తరం తెచ్చిన నాగయ్య మా వీధివాడే, రేపు సాయంత్రం బస్సుకు తిరిగొస్తాడు. ఆ మూట అతని చేతికివ్వొద్దు. నువ్వే తీసుకురా.

నీ దీవెన కోరే చెల్లెలు,
మునెమ్మ