హమాలి అయ్యగారు

ఆర్మూర్,
ఫిబ్రవరి, సోమారం

ప్రియమైన శ్యామలకు,

యేసయ్య నామంల వందనాలు. ఫోన్ల నువ్వు "తిన్నవా?" అంటవు, నేను "తిన్న" అంట. గంతే అయితది. గందుకే రాస్తున్న.

నిన్న ఆరాధన అయినంక నర్సవ్వ కొంగుల కట్టుకొచ్చిన రేషన్ బియ్యం కానుక సంచిల పోసింది. పసుపు తవ్వనీకి పోయే ముసలామె. గామె బియ్యం నేను వండుకొని తినాలె. ముద్ద దిగలేదు. నువ్వేమో హైదరాబాద్‌ల ఎవలో అవ్వకు తానం పోసి నాకు పైసలు పంపుతున్నవు.

ఇయ్యాల పసుపు గోదాంల హమాలి పనికి చేరిన. మేస్త్రి ఎంకటి నన్ను చూసి "అయ్యగారూ, ప్రార్థన చేయనీకి వచ్చిండ్రా?" అన్నడు. "కాదు, బస్తాలు మోయనీకి" అన్న. నవ్వబోయి ఆగిండు.

తాళం తీసి ఇంట్లకు పోవాలంటె మనసు రాదు. లోపల నీ గొంతు లేదు.

నీ తలపులనే ఉండే
యాకోబు

•

హైదరాబాద్

ప్రేమగల మా అయ్యగారికి,

నీ ఉత్తరం బాత్రూంల నిలబడి చదివిన. ఈడ నాకు ఒక్కదానికి దొరికే జాగ గదొక్కటే. పోయినేడు నడుము పట్టుకొని మంచం దిగని మనిషివి, బస్తాలెట్ల మోస్తవు? నువ్వు మోయొద్దనే కదా, భీమ్‌గల్ దాటి ఎన్నడు పనికి పోనిదాన్ని గింత దూరం వచ్చిన? ఇద్దరం కూలి చేసుకుంట, ఇద్దరం ఒంటరిగ ఉంటె గిదేం సంసారం?

నేను చూసుకునే అవ్వ పేరు భాగ్యవ్వ. కొడుకు, కోడలు పై అంతస్తుల ఉంటరు, కిందికి దిగి రారు. పొద్దంత మాట్లాడనీకి గామెకు నేను, నాకు గామె.

సంఘంల ఎవ్వలికి చెప్పకు. తల్లిగారింట్ల ఉన్నదనే అనుకోనియ్యి. పాస్టరు భార్య గీ పని చేస్తున్నదంటె నీకు నామోషి. గా హమాలి పని బంద్ చెయ్యి.

దూరంల ఉన్న నీ
శ్యామల

•

ఆర్మూర్,
మార్చి

ప్రియమైన శ్యామలకు,

నీ మాట వినలేదు. కోపం చెయ్యకు.

సంఘ పెద్ద ముత్తెన్న ఇంటికొచ్చిండు. "బజార్ల నవ్వుతున్నరు అయ్యగారూ. మిమ్మల్ని మేం సాకుతం. హమాలి పనో, సంఘమో, ఒకటి ఇడిసిపెట్టుండ్రి" అన్నడు. నేను మరునాడు గూడ గోదాంకు పోయిన. గా ఆదివారం నర్సవ్వ ఒక్కతే వచ్చింది. ఖాళీ చాపల ముంగట పాట ఎత్తుకున్న. నడుమల నేను ఆపేసిన. నర్సవ్వ మాత్రం కండ్లు మూసుకొని చివరిదాంక పాడింది.

మళ్ల ఆదివారం నా సంగతి తేల్చనీకి అందరొచ్చిండ్రు. నీ మాట జవదాటి చెప్పేసిన. "మీరిచ్చింది ప్రేమతోటి ఇచ్చిండ్రు. కాని మీకే పూట గడుస్తలేదు. నన్ను సాకింది నా భార్య. హైదరాబాద్‌ల ఒక అవ్వకు పక్కబట్టలు ఉతుకుతున్నది. గది నాకు నామోషి కాదు. నేను బస్తా మోస్తె మీకెందుకు నామోషి?"

ముత్తెన్న కండువతోటి మొఖం తుడుచుకున్నడు. "అమ్మగారిని పిలిపించుండ్రి. మీరు పనికి పోండ్రి. ఆదివారం మాత్రం మాకు ఉండుండ్రి" అన్నడు.

ఇగ ఫికర్ లేదు శ్యామలా. నా కూలితోటి మనిద్దరం బతుకుతం. ఏ బస్సుకొస్తవో చెప్పు. జక్రాన్‌పల్లి దాంక ఎదురొస్త.

నీ కోసం చూసుకుంట
యాకోబు

•

హైదరాబాద్

ప్రేమగల మా అయ్యగారికి,

నీ ఉత్తరం చూసుడుతోనే సంచి సదురుకున్న. పోతున్నని అవ్వ కొడుకుకు చెప్పిన. "అయితే అమ్మను వృద్ధాశ్రమంల ఏస్తం" అన్నడు, ఫోన్‌లకెల్లి తల ఎత్తకుండ. భాగ్యవ్వ ఇన్నది. ఏడువలేదు. నన్ను దగ్గరికి పిలిచి అడిగింది: "బిడ్డా, ఆడ నాతోని మాట్లాడెటోళ్లు ఉంటరా?"

గామెకు ఎక్కువ దినాలు లేవని డాక్టరు మొన్ననే చెప్పిండు. సంచి ఇప్పేసిన.

జీతం కోసం ఉన్నన్ని దినాలు ఎప్పుడు బయటపడుదునా అని ఉన్న. ఇప్పుడు గా జీతం మనకు అక్కర లేకుండ నువ్వే చేసినవు. అయినా పోబుద్ధి అయితలేదు. నీకు సేవ అంటె ఏందో ఇన్నేండ్లు పక్కనుండి చూసిన గని, నాకు నేనుగ ఇప్పుడే తెలుస్తున్నది.

ఎదురు రాకు. గామెను సాగనంపినంక నేనే వస్త. నీ పక్కన కూసొని ఒక్క పూట తినాలని నాకెంత ఉన్నదో రాస్తె కాగితం సరిపోదు. జర నడుము చూసుకో. తలుపు తీసినప్పుడు ఇంట్ల ఎవ్వలు లేకున్నా, "వచ్చిన" అని ఒక్క మాట అను. నేను గూడ ఈడికెల్లి అంట.

ఇంకొన్నాళ్లు నీకు దూరంగనే
శ్యామల